కింది ఫ్లాట్ పెద్దాయన్ని "క్వెరులాంట్" అనొచ్చా?

సాయంత్రం మిక్సీ వేశారని, మెట్ల దగ్గర చెప్పులు విడిచారని కింది ఫ్లాట్ జర్మన్ పెద్దాయన మేనేజ్‌మెంట్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడు, ఆఫీసులో అందరూ ఆయన్ని "క్వెరులాంట్" (ఊరికూరికే ఫిర్యాదులు చేసే మనిషి) అంటున్నారు, జవాబులో ఆ మాట రాయొచ్చా అని కదా అడిగారు. వద్దండీ.

నేనూ జర్మనీలోనే ఉంటాను. మా బిల్డింగ్ ఓనర్ల కమిటీలో ఉన్నాను కాబట్టి ఫిర్యాదుల ఫైలు నా చేతికి వస్తుంది. ఆ మాట మనం "సణుగుడు మనిషి" అన్నంత తేలిక కాదు. లాటిన్ నుంచి వచ్చింది, డచ్, స్వీడిష్, పోలిష్ వాళ్లకీ ఉంది. 1793 నాటి ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) కోర్టు నిబంధనల్లోనే క్వెరులాంట్లకి శిక్ష రాసిపెట్టారు. తర్వాత మానసిక వైద్యులు అందుకున్నారు. జబ్బుల అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో "పారనోయా క్వెరులాన్స్" అని, అంటే ఫిర్యాదుల పిచ్చి అని, ఇప్పటికీ కనిపిస్తుంది. అంటే మీరు ఆయనకి పిచ్చి అని కాగితం మీద పెట్టి సంతకం చేసినట్టు. ఇక్కడ తిట్టు శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద నేరం కూడానూ.

ఆయన తారీఖులు, టైములు రాసుకోవడం చూసి కంగారు పడకండి. దాన్ని లెర్మ్‌ప్రోటోకోల్ అంటారు. చప్పుళ్ల చిట్టా అన్నమాట. అద్దెదారుల సంఘాలే రాయమని చెబుతాయి. మా ఫైల్లో ఒకావిడది ఉంది: "19:40, పైన గ్రైండర్, 12 నిమిషాలు." వాచీ పట్టుకుని కూర్చుందా అని నవ్వుకున్నాం. పై వాళ్లు గ్రైండర్ కింద రబ్బరు మ్యాట్ వేశారు, ఉత్తరాలు ఆగిపోయాయి.

అసలు క్వెరులాంట్ రకం వేరు. మా దగ్గర ఒకాయన సైకిళ్ల గదిలో లైటు గురించి మొదలుపెట్టాడు. లైటు మార్చాం. మా జవాబు ఆలస్యమైందని రాశాడు, ఆ తర్వాత మేనేజర్ మీద, ఆ తర్వాత నా మీద, ఎర్ర గీతలు, నీలం గీతలు, పాత ఉత్తరాల జిరాక్సులతో సహా. చివరికి మునిసిపాలిటీ ఉద్యోగి మీద పైఅధికారికి కూడా. అలాంటి ఫిర్యాదుల మీద ఇక్కడ ఆఫీసుల్లో ఒక జోకు ఉంది: ఫార్మ్‌లోస్, ఫ్రిస్ట్‌లోస్, ఫ్రుఖ్ట్‌లోస్. ఫారం అక్కర్లేదు, గడువు లేదు, ఫలితమూ లేదు!

మీ పెద్దాయన ఆ బాపతులా లేడు. మ్యాట్ వేయండి, రాత్రి పది దాటాక, ఆదివారాలూ మిక్సీ జోలికి వెళ్లకండి. చెప్పుల విషయంలో మాత్రం నేను ఆయన పక్షమే, మెట్లదారి ఖాళీగా ఉండాలి. ఈ మూడూ జవాబులో రాసి, నమస్కారం పెట్టి వదిలేయండి.