టెక్ సందేహాలు: బాక్సింగ్ గేమ్‌లో మూడో రౌండ్‌కే చేతులెత్తేస్తున్నారా?

ప్రశ్న: మిగతా ఫైటింగ్ గేమ్‌లు బాగానే ఆడతాను. ఈమధ్య ‘అన్‌డిస్ప్యూటెడ్’ అనే బాక్సింగ్ గేమ్ మొదలుపెట్టాను. ఎంత వేగంగా బటన్లు నొక్కినా మూడో రౌండ్‌కల్లా నా బాక్సర్ నీరసపడి దెబ్బలు తింటున్నాడు. అంతా నత్తనడకగా అనిపిస్తోంది. ఇలాంటి గేమ్‌లంటే కొందరికి అంత పిచ్చి ఎందుకు?

జవాబు: ఓడిపోతున్నది వేగంగా నొక్కడం వల్లే. మామూలు ఫైటింగ్ గేమ్‌లో పంచ్ ఉచితం. ఇక్కడ ప్రతి పంచ్‌కూ స్టామినా, అంటే బాక్సర్ ఓపిక, ఖర్చవుతుంది. గురి తప్పి గాల్లోకి పోయిన పంచ్ మరీ ఖరీదు. స్టామినా తగ్గేకొద్దీ చేతి వేగం, దెబ్బ బలం రెండూ పడిపోతాయి. రౌండ్ల మధ్య విరామంలో కొంత కోలుకుంటాడు గానీ, కడుపు మీద, పక్కటెముకల మీద దెబ్బలు తిన్నవాడు పూర్తిగా కోలుకోలేడు. మొదటి రౌండ్‌లో మీరు చేసిన దుబారాకు మూడో రౌండ్‌లో బిల్లు కడుతున్నారన్నమాట.

అసలు మజా కూడా అక్కడే ఉంది. స్టామినా ఒక లెక్క అయితే, రెండోది దూరం. రికార్డుల ప్రకారం మహమ్మద్ అలీ ఎత్తు 191 సెంటీమీటర్లు, రీచ్ (రెండు చేతులూ చాచినప్పటి పొడవు) 198. మైక్ టైసన్ ఎత్తు 178, రీచ్ 180. నిజ జీవితంలో వీళ్లిద్దరూ ఎప్పుడూ తలపడలేదు. 2009లో వచ్చిన ‘ఫైట్ నైట్ రౌండ్ 4’ ఇద్దరినీ ఒకే రింగ్‌లోకి దింపింది. అలీని తీసుకుంటే రీచ్‌లో ఆ 18 సెంటీమీటర్ల తేడాను కాపాడుకోవడమే మీ పని: జాబ్ (ముందున్న చేత్తో తిన్నగా వేసే చురుకైన పంచ్) వేయడం, పక్కకు జరగడం, మళ్లీ జాబ్. టైసన్‌ను తీసుకుంటే తల ఊపుతూ ఆ జాబ్ కిందుగా లోపలికి దూరాలి. దూరాక హుక్ (పక్కనుంచి వంపుగా కొట్టే దెబ్బ), అప్పర్‌కట్ (కిందినుంచి గడ్డం మీదికి కొట్టేది) మీవే. బటన్లు అవే అయినా ఆలోచన పూర్తిగా మారిపోతుంది. అవతలివాడు జాబ్ తర్వాత ప్రతిసారీ కుడిచేయి కిందికి దించుతున్నాడని రెండు రౌండ్లు గమనించి, మూడో రౌండ్‌లో సరిగ్గా ఆ క్షణానికి కౌంటర్ (ఎదురుదెబ్బ) కొడితే వచ్చే తృప్తి, ఇరవై పంచ్‌ల కాంబోతో రాదు.

ఇలా ఆడి చూడండి. మొదటి రౌండ్ మొత్తం జాబ్ ఒక్కటే వాడండి. ఒక విడతలో రెండు మూడు పంచ్‌లు మించకండి, వెంటనే అడుగు పక్కకు వేయండి. తిన్నగా వెనక్కి వెళ్తే తాళ్లకు చిక్కుతారు, కొత్తవాళ్లంతా చేసేది అదే. గార్డ్‌ను (చేతులు పైకెత్తి కాచుకోవడం) అదేపనిగా పట్టుకుని కూర్చోకండి, తలకు కాపలా కాస్తుంటే కడుపు ఖాళీగా ఉంటుంది. రెండో రౌండ్ నుంచి మూడు జాబ్‌లకు ఒక బాడీ షాట్ (కడుపు, పక్కటెముకల మీద దెబ్బ) కలపండి. దాని ఫలితం వెంటనే కనిపించదు, చివరి రౌండ్లలో తెలుస్తుంది. అందుకే రెండు మూడు రౌండ్ల మ్యాచ్‌లు పెట్టుకోకండి, కనీసం ఆరు ఉండాలి. పొట్టి మ్యాచ్‌లో పొదుపుగా ఆడేవాడికి లాభం చేకూరే సమయమే ఉండదు.

ప్రశ్న: ‘ఫైట్ నైట్ చాంపియన్’ ఇప్పటికీ మేలంటున్నారు. పీసీలో ఆడొచ్చా?

జవాబు: 2011 నాటి ఆ గేమ్ కన్సోళ్లలో పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360లకే వచ్చింది. పీసీ వెర్షన్ లేదు. పీఎస్3 డిస్క్ పీఎస్4లో గానీ పీఎస్5లో గానీ నడవదు. ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎక్స్‌లలో మాత్రం పాత 360 డిస్క్ పనిచేస్తుంది. పీసీ వాళ్లకు దారి ‘అన్‌డిస్ప్యూటెడ్’. 2023 జనవరిలో పీసీ గేమ్‌ల స్టోర్ స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్‌గా (పూర్తికాకముందే ఆడనిచ్చే రూపంలో) మొదలై, 2024 అక్టోబరులో పూర్తి రూపంలో పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకూ వచ్చింది. అలీ, ఉసిక్, కేటీ టేలర్ లాంటి బాక్సర్లు అందులో ఉన్నారు. పంచ్ తగిలినప్పటి బరువు, కథతో నడిచే మోడ్ కావాలంటే నా ఓటు పాతదానికే. ఫుట్‌వర్క్, ఇప్పటి బాక్సర్లు కావాలంటే కొత్తది.

ప్రశ్న: పంచ్ వస్తున్నట్టు కనిపించగానే గార్డ్ నొక్కుతున్నా దెబ్బ తగులుతోంది. కంట్రోలర్ కొత్తదే. లోపం ఎక్కడ?

జవాబు: ముందుగా టీవీని అనుమానించండి. గేమ్ సెకనుకు 60 ఫ్రేములతో నడిస్తే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్‌లో చాలా కొత్త టీవీల ఆలస్యం ఒక ఫ్రేమ్ అటూ ఇటూగా ఉంటుంది. సినిమా మోడ్‌లో, మోషన్ స్మూతింగ్ (కదలికలను నున్నగా చూపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే, అది 100 మిల్లీసెకన్లు దాటవచ్చు. అంటే మీరు చూస్తున్న పంచ్ ఆరు ఫ్రేముల కిందటిది. గేమ్ మోడ్ చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడివిడిగా ఉంటుంది, కన్సోల్ ఉన్న పోర్టులోనే ఆన్ చేయాలి.

తేడా కొలవాలంటే ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, మీ వేలు, తెర రెండూ కనిపించేలా తీయండి. బటన్ కిందికి వెళ్లిన ఫ్రేమ్ నుంచి బాక్సర్ భుజం కదిలే ఫ్రేమ్ వరకు లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ సుమారు 4.2 మిల్లీసెకన్లు. ఆ మొత్తంలో కంట్రోలర్, గేమ్, టీవీ మూడూ కలిసి ఉంటాయి కాబట్టి, గేమ్ మోడ్‌కు ముందూ తర్వాతా కొలిచి తేడా చూడండి. ఆన్‌లైన్‌లో మాత్రమే ఈ ఇబ్బంది ఉంటే టీవీ తప్పేం లేదు, వైఫై బదులు రూటర్ నుంచి కేబుల్ వేయండి.

ప్రశ్న: కంట్రోలర్ స్టిక్ ముట్టుకోకపోయినా నా బాక్సర్ ఎడమకు జరుగుతున్నాడు.

జవాబు: దీన్ని స్టిక్ డ్రిఫ్ట్ అంటారు, స్టిక్ తనంతట తానే కదలికను నమోదు చేస్తుంది. విండోస్ సెర్చ్‌లో ‘సెటప్ యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్స్’ అని కొట్టి, ప్రాపర్టీస్‌లో టెస్ట్ ట్యాబ్ తెరవండి. వేలు తీశాక గుర్తు మధ్యకు రాకపోతే అదే. స్టీమ్ కంట్రోలర్ సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్‌ను (స్టిక్ కదిలినా గేమ్ పట్టించుకోని మధ్య భాగం) కొద్దికొద్దిగా పెంచుతూ, జరగడం ఆగిన చోట ఆపేయండి. ఇంకా పెంచితే చిన్న అడుగులు పడవు, బాక్సింగ్‌లో వాటితోనే పని. దుమ్ము వల్ల అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే కొంతకాలం నయమవుతుంది. స్టిక్ కదలికను కొలిచే లోపలి పొటెన్షియోమీటర్ పట్టీ అరిగిపోయి ఉంటే తుడిచినా లాభం లేదు, మాడ్యూల్ మార్చాలి. మార్చేటప్పుడు హాల్ ఎఫెక్ట్ రకం తీసుకోండి. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, రాపిడి ఉండదు.

ప్రశ్న: వీఆర్ హెడ్‌సెట్‌లో ‘ద థ్రిల్ ఆఫ్ ద ఫైట్’ బాక్సింగ్ గేమ్ ఆడాక మోచేతులు నొప్పి. మానేయాలా?

జవాబు: పంచ్‌కు అడ్డేమీ తగలదు కాబట్టి చేయి పూర్తిగా చాచుకుపోయి మోచేయి కీలు మీద బరువు పడుతుంది. చేయి పూర్తిగా నిటారు కాకముందే వెనక్కి లాగడం అలవాటు చేసుకోండి. చేతి వేగాన్ని బట్టే దెబ్బ బలం లెక్కిస్తుంది కాబట్టి బలమంతా చేతి నుంచే తెద్దామనిపిస్తుంది, నడుము తిప్పి కొట్టండి. నొప్పి తగ్గేదాకా ఆపండి, తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి. ఆడేచోట కనీసం రెండు మీటర్లకు రెండు మీటర్ల ఖాళీ ఉండాలి. హెడ్‌సెట్‌లో గీసిన సరిహద్దును గోడకు ఒక చేయి దూరం లోపలే గీయండి, ఎందుకంటే హెచ్చరిక గీత కనిపించేలోపే పంచ్ అక్కడికి చేరిపోతుంది. కంట్రోలర్ తాడు మణికట్టుకు బిగించకుండా మొదలుపెట్టకండి.