పాఠకుల ప్రశ్నలు: మొరాయించే పోలరాయిడ్‌ను వదులుకోవాలా?

ప్రశ్న: మా మేనమామగారు 1970లలో అమెరికాలో కొన్న, తీసిన వెంటనే ఫొటో చేతికిచ్చే పోలరాయిడ్ ఎస్‌ఎక్స్-70 కెమెరా ఇప్పుడు నా దగ్గర ఉంది. కొత్త ఫిల్మ్ తెప్పించి వేస్తే కొన్ని ఫొటోలు పసుపుపచ్చగా వచ్చాయి, కొన్నిటి మీద సమాన దూరాల్లో మచ్చలు పడ్డాయి. చివరికి ఎన్ని ఫొటోలు మిగిలాయో చూపే కౌంటర్‌లో 2 అంకె కనిపిస్తుండగానే, కెమెరా చప్పుడు చేయడం తప్ప ఫొటో బయటికి రావడం లేదు. ఫిల్మ్ ఖరీదు తలచుకుంటే భయమేస్తోంది. దీన్ని పక్కన పెట్టి ఫ్యూజీ వారి ఇన్‌స్టంట్ కెమెరా ఇన్‌స్టాక్స్ కొనుక్కోమని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పక్కన పెట్టకండి. మీరు రాసిన మూడు లక్షణాల్లో ఒక్కటి కూడా కెమెరా పాడైందనడానికి రుజువు కాదు. పాత ఇన్‌స్టంట్ కెమెరాలను చాలామంది మధ్యలోనే వదిలేయడానికి కారణం, ఫిల్మ్ వల్ల, వాతావరణం వల్ల వచ్చే లోపాలను కూడా కెమెరా ఖాతాలో వేయడమే.

ముందుగా కౌంటర్ సంగతి. 1972లో ఈ కెమెరా వచ్చినప్పుడు ఒక్కో ఫిల్మ్ ప్యాక్‌లో పది ఫొటోలు ఉండేవి. అందుకే కొత్త ప్యాక్ వేసి మూత మూయగానే అంకె 10కి వెళ్లి, అక్కడి నుంచి ఒక్కొక్కటిగా తగ్గుతుంది. ఇప్పటి ప్యాక్‌లో ఉండేవి ఎనిమిదే కనుక, 2 కనిపించిందంటే మీ ప్యాక్ ఖాళీ అయిందన్న మాట.

ఆ ఖాళీ ప్యాక్‌ను పారేయకండి. ఈ కెమెరాకు సొంత బ్యాటరీ లేదు. ప్యాక్ అడుగున ఉండే పలుచని 6 వోల్టుల బ్యాటరీయే మోటారును, షట్టర్‌ను, వెలుతురును కొలిచే ఎలక్ట్రిక్ కన్నును నడుపుతుంది. ఫొటోలు అయిపోయాక కూడా అందులో ఛార్జి మిగిలి ఉంటుంది కాబట్టి, దాన్నే మళ్లీ వేసి, ఫిల్మ్ ఖర్చు లేకుండా కెమెరాను పరీక్షించవచ్చు. మంచి వెలుతురులో ఒకసారి, ఎలక్ట్రిక్ కన్నును వేలితో మూసి మరొకసారి బటన్ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. వెలుతురులో షట్టర్ తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. కన్ను మూసినప్పుడు ఆ విరామం స్పష్టంగా సాగాలి. రెండింటికీ తేడా వినిపించి, మోటారు తడబడకుండా తిరిగితే మీ కెమెరా ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎక్కడో దొరికిన పాతికేళ్ల నాటి ప్యాక్‌తో మాత్రం ఈ పరీక్ష చేయకండి, ఎందుకంటే అందులో బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

సమాన దూరాల్లో పడిన మచ్చలకు కారణం రోలర్లు. ఫొటో బయటికి వచ్చేటప్పుడు రెండు ఉక్కు రోలర్ల మధ్య నలిగి, అంచున ఉన్న రసాయనపు పొట్లం చిట్లి, ఆ ముద్ద లోపల పలుచగా పరుచుకుంటుంది. రోలర్ మీద ఎండిపోయిన రసాయనపు కణం ఒక్కటి ఉన్నా, అది తిరిగిన ప్రతి చుట్టుకూ ఒక మచ్చ పడుతుంది. ప్యాక్ మార్చిన ప్రతిసారీ ముందు మూత తెరిచి, రోలర్లను నెమ్మదిగా తిప్పుతూ తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి.

పసుపు రంగు మీ ఊరి వేడి వల్ల వచ్చింది. 2008లో పోలరాయిడ్ ఫిల్మ్ తయారీని ఆపేస్తున్నట్టు ప్రకటించాక, నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే పట్టణంలో మిగిలిన చివరి ఫ్యాక్టరీని కొందరు పట్టుదలతో నిలబెట్టుకున్నారు. పాత రసాయనాలు దొరకనందువల్ల ఫార్ములాను దాదాపు కొత్తగా కనిపెట్టి, 2010లో తమ మొదటి ఫిల్మ్‌ను విడుదల చేశారు. వారి శ్రమ లేకపోతే ఈ ఉత్తరం మీరు రాసేవారే కాదు. అయితే ఈ ఫిల్మ్‌కు 13 నుంచి 28 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత కావాలి. అది దాటితే పసుపు, ఎరుపు ఛాయలు కమ్ముకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గదిలోనో, తెల్లవారుజామునో తీయండి. ప్యాక్‌లను ఫ్రీజర్‌లో కాకుండా ఫ్రిజ్‌లో పడుకోబెట్టి ఉంచి, వాడే ముందు గంటసేపు బయట పెట్టండి. బయటికి వచ్చిన ఫొటోను వెంటనే బోర్లా పెట్టి, పావుగంట పాటు వెలుతురు తగలకుండా, చల్లని చోట ఉంచండి. ఊపకండి.

కొనేటప్పుడు పెట్టె మీద ఎస్‌ఎక్స్-70 అని ఉన్న ఫిల్మే అడగండి. 600 రకం ఫిల్మ్ వెలుతురుకు దీనికన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా స్పందిస్తుంది కనుక, వెలుతురును తగ్గించే ఫిల్టర్ లేకుండా వాడితే ఫొటోలు తెల్లగా వెలిసిపోతాయి. కొత్త పోలరాయిడ్ కెమెరాల కోసం చేసిన ఐ-టైప్ ప్యాక్‌లో బ్యాటరీయే ఉండదు కనుక మీ కెమెరా అసలు కదలదు. ఇక నిజంగా మరమ్మతు కావలసిన సందర్భాలు రెండున్నాయి. మడతపడే ఈ కెమెరాలో వెలుతురు చొరబడకుండా ఆపే రబ్బరు తిత్తికి చిల్లి పడితే ప్రతి ఫొటోలోనూ వెలుతురు చారలు కనిపిస్తాయి. లోపలి అద్దం మధ్యలో ఇరుక్కుంటే కెమెరా ముడుచుకోదు. అప్పుడు బలవంతంగా మూయకుండా, ప్రత్యేకించి ఈ మోడల్ బాగుచేసే వారికే పంపండి.

ఇన్‌స్టాక్స్ మంచి పరికరం, ఎండను కూడా బాగా తట్టుకుంటుంది. పెళ్లిలో బంధువులకు అక్కడికక్కడే ఫొటోలు పంచాలంటే నేనూ అదే తీసుకెళ్లమంటాను. కానీ ఫొటో తీసే గాజు లెన్స్‌లోంచే చూస్తూ, అడుగు దూరంలో ఉన్న పువ్వును కూడా మీ చేత్తో ఫోకస్ చేసుకునే అవకాశం మీ మేనమామగారి కెమెరా ఇస్తుంది, ఆ అనుభవం కోసం కొన్ని ఫొటోలు పోగొట్టుకోవడం సమంజసమేనని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: పాత సామాన్ల దుకాణంలో ఒక కొడాక్ ఇన్‌స్టంట్ కెమెరా, ఒక పోలరాయిడ్ స్పెక్ట్రా చవకగా ఉన్నాయి. ఏది తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దు. 1976లో ఈ రంగంలోకి దిగిన కొడాక్, పోలరాయిడ్ వేసిన పేటెంటు దావాలో ఓడిపోయి 1986లో తప్పుకుంది. ఆ కెమెరాలకు ఫిల్మ్ తయారుచేసేవారు లేరు. స్పెక్ట్రా కెమెరాలు వయసు మీదపడి ఫిల్మ్‌ను ఇరికించేస్తుండడంతో, 2019లో ఎన్‌షెడే ఫ్యాక్టరీని నడిపే కంపెనీయే ఆ ఫిల్మ్‌ను ఆపేసింది. 1981 తర్వాత వచ్చిన, ఫ్లాష్ ఉన్న సాదా 600 రకం కెమెరా కోసం చూడండి. దాని ఫిల్మ్ ఇప్పటికీ తయారవుతోంది, పైగా చెడిపోయే భాగాలు తక్కువ. దుకాణదారుణ్ణి ఖాళీ ప్యాక్ అడిగి, అక్కడే బటన్ నొక్కి చూసుకుని కొనండి.