రక్షణ పొందాక కూడా కోపం, అసూయ వస్తుంటే ఆ రక్షణ నిజమైనది కాదా?

రక్షణ పొంది ఇన్నేళ్లయినా కోపం పోలేదని, తోడికోడలి మీద అసూయ తగ్గలేదని రాశారు. మీ సంఘంలో ఒక సహోదరుడు 1 యోహాను 3:9 చూపించి, దేవుని మూలంగా పుట్టినవాడు పాపం చేయడన్నారని, అప్పటి నుంచి ప్రభువు బల్లకు, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి, వెళ్లాలంటే భయపడుతున్నానని కూడా రాశారు. ముందు జవాబు చెప్పేస్తాను: బల్లకు వెళ్లండి. ఈ లోకంలో ఉండగా నేను పాపం లేనివాడినయ్యానని ఏ క్రైస్తవుడూ చెప్పుకోకూడదు. ఆ మాట చెప్పుకున్న మనిషి చేత ఆ మాటే కొత్త పాపం చేయిస్తుంది. అది నేను మా ఇంట్లోనే చూశాను.

మాది గుంటూరు ప్రాంతపు లూథరన్ కుటుంబం. మా పెదనాన్న నడివయసులో వేరే ఊరిలో జరిగే పరిశుద్ధతా కూడికలకు, అంటే ఈ జీవితంలోనే పాపం నుంచి పూర్తిగా విడుదల పొందవచ్చని బోధించే కూడికలకు, వెళ్లడం మొదలుపెట్టారు. ఆయనలో వచ్చిన మార్పు నిజమైనదని ఎవరి ముందైనా చెబుతాను. తాగుడు మానేశారు. పెద్దమ్మ మీద చెయ్యెత్తడం మానేశారు. ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా అర్ధరాత్రయినా వెళ్లి ప్రార్థన చేసి వచ్చేవారు. అయితే సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా "ఆ దినం నుంచి నాలో కోపం చచ్చిపోయింది" అనేవారు, కూడికంతా స్తోత్రం అనేది.

ఒక ఏడు కాలువ నీటి వంతు దగ్గర ఆయనకూ మా నాన్నకూ మాట పెరిగింది. పదిమంది రైతుల ముందు పెదనాన్న అనరాని మాటలన్నారు. పొలాల దగ్గర అన్నదమ్ములు పోట్లాడుకోవడం వింత కాదు, సాయంత్రానికి ఎవరో ఒకరు తగ్గితే సర్దుకుంటుంది. మా నాన్న వెళ్లి తన వైపు తప్పుకు క్షమాపణ అడిగి వచ్చారు. పెదనాన్న అడగలేకపోయారు. "తమ్ముడూ, కోపంలో అనేశాను" అని ఒక్క మాట అంటే అన్ని కూడికల్లో చెప్పిన సాక్ష్యం కూలిపోతుంది. అందుకని ఆ కోపాన్ని నీతి కోసం వచ్చిన ఆగ్రహమన్నారు. అలా అనుకున్నాక ఇక ఒప్పుకోవడానికేమీ మిగల్లేదు. రాకపోకలు ఆగలేదు, పెళ్లిళ్లలో పక్కపక్కనే కూర్చున్నారు, కానీ ఆ రోజు సంగతి మాత్రం వాళ్ల మధ్య ఎప్పటికీ తేలలేదు. తాగుబోతుగా ఉన్న రోజుల్లో ఆయన తేలికగా చెప్పగలిగిన క్షమాపణ, పరిశుద్ధుడినని ప్రకటించుకున్నాక చెప్పలేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. పక్కింటివారి గుట్టు నలుగురికీ చెప్పి ప్రార్థన అంశమంటాం. డబ్బు మీద ఆశను విశ్వాసంతో అడిగే ఆశీర్వాదమంటాం. పాపం ఉండకూడదని ముందే తీర్మానించుకున్న చోట పాపం తగ్గదు, దాన్ని దాచే నేర్పు పెరుగుతుంది. దాచలేని కుర్రవాళ్లు కూడికలకు రావడం మానేస్తారు. "వెనుకబడిపోయాడు" అని మనం వాళ్ల గురించి ప్రార్థిస్తాం.

ఇక ఆ వచనం. అది ఉన్న పత్రిక, అంటే ఆ ఉత్తరం, మొదటి అధ్యాయంలోనే యోహాను "మనము పాపములేని వారమని చెప్పుకొనినయెడల, మనలను మనమే మోసపుచ్చుకొందుము" అని రాశాడు. రెండో అధ్యాయం మొదట్లో మీరు పాపం చేయకుండా ఉండాలనే ఇవి రాస్తున్నానంటూనే, ఎవడైనా చేస్తే తండ్రి దగ్గర మనకు ఉత్తరవాది, అంటే మన పక్షాన మాట్లాడేవాడు, ఉన్నాడన్నాడు. మూడో అధ్యాయంలో ఆయన ఎదుట పెట్టిన మనిషి తమ్ముణ్ణి చంపిన కయీను. ఆ అధ్యాయం గురిపెట్టినది సహోదరుని ద్వేషిస్తూ, లేమిలో ఉన్నవాణ్ణి చూసి గుండె తలుపు మూసుకొని, అలాగే స్థిరపడిపోయిన బ్రతుకు మీద. తన అసూయకు తానే ఏడుస్తున్న మీలాంటి స్త్రీ మీద దాన్ని ప్రయోగించడం అన్యాయం.

పేతురును చూడండి. పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మను పొందిన తర్వాతే, అంతియొకయలో, యూదులకు భయపడి అన్యజనులతో కలిసి తినడం మానేశాడు. పౌలు ఆయనను ముఖాముఖిగా ఎదిరించాడని గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం దాచకుండా చెబుతుంది. ఆ పౌలే సంకెళ్లలో ఉండి ఫిలిప్పీయులకు రాస్తూ, తాను ఇంకా సంపూర్ణ సిద్ధి పొందలేదని, పరుగెత్తుతూనే ఉన్నానని అన్నాడు.

ఈ పరిపూర్ణత బోధకు పెద్దదిక్కుగా, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీని చూపిస్తారు. ఆయన నిజంగానే బోధించాడు, 1766లో దాని మీద పుస్తకమూ ప్రచురించాడు. హృదయమంతా దేవుని ప్రేమతో నిండిపోవడం ఈ జీవితంలోనే సాధ్యమన్నాడు. అయితే అలాంటివారికి కూడా తెలియనివి, పొరపాట్లు ఉంటాయని, వారికీ క్రీస్తు రక్తం ప్రతి క్షణం అవసరమని అదే నోటితో చెప్పాడు. తాను ఆ స్థితికి చేరానని ఆయన చెప్పుకోలేదు. ఆయన అనుచరుల్లో చెప్పుకున్నవారున్నారు. లండన్‌లో జార్జ్ బెల్ అనే అనుచరుడు, మానవుడు దేవదూతలంత పరిపూర్ణుడు కాగలడనే దాకా వెళ్లి, చివరికి 1763 ఫిబ్రవరి 28న లోకం అంతమవుతుందని ప్రకటించాడు. ఆ రాత్రి వెస్లీ ఆ ప్రవచనం తప్పని బోధించి ఇంటికి వెళ్లి పడుకున్నాడు. పాపం నుంచి విడుదలైనవారికి ఆత్మపరీక్ష అక్కర్లేదనే మాటను ఆయన అంతకుముందే ఖండించి ఉన్నాడు. నేను లూథరన్‌ను, వెస్లీ చెప్పినదంతా ఒప్పుకోను. ఆయన నిజాయితీని మాత్రం గౌరవిస్తాను.

ఇంకా పాత సంగతి ఒకటుంది. 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో కూడిన బిషప్పుల సభ ముందుకు ఈ ప్రశ్నే వచ్చింది. పరిశుద్ధులు "మా ఋణములు క్షమించుము" అనడం వినయం కోసమే, వారికి నిజంగా ఆ అవసరం లేదని వాదించేవారిని ఆ సభ తప్పుపట్టింది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో రోజు రొట్టె పక్కనే క్షమాపణ ఉంది. రొట్టె అక్కర్లేని రోజు ఎవరికైనా వస్తుందా?

మా లూథరన్ల వైపు జబ్బు గురించీ చెప్పాలి, లేకపోతే నా మాట పక్షపాతమవుతుంది. లూథర్ 1517లో రాసిన 95 వాదాంశాల్లో మొదటిది విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలంటుంది. మా సంఘాల్లో ప్రతి ఆదివారం పాపపు ఒప్పుకోలు చదువుతాం. అది నోటికి వచ్చేసి, "మనమంతా పాపులమే కదా" అనే మాట సాకుగా మారిపోయిన ఇళ్లు నాకు తెలుసు. ఒప్పుకోలు చదివి వచ్చి అధిక వడ్డీ వసూలు చేస్తారు, సంబంధం అనేసరికి కులం అడుగుతారు. పరిపూర్ణత రాదు కాబట్టి మారనక్కర్లేదనుకోవడం సువార్తను అమ్ముకోవడమే. కాబట్టి మార్పును గట్టిగా ఆశించండి. మా పెదనాన్న తాగుడు మానడం దేవుని పని. మీ కోపమూ నిరుటి కంటే ఈ ఏడు త్వరగా చల్లారాలని అడగండి, అసూయ పుట్టిన చోట ఆమె కోసం పేరుపెట్టి ప్రార్థించండి. దేవుడు చేస్తాడు. లెక్క మాత్రం ఆయన దగ్గరే ఉండనివ్వండి.

బల్ల గురించి 1 కొరింథీయులకు 11:28 చూడండి. తన్ను తాను పరీక్షించుకొని ఆ రొట్టె తినమన్నాడు పౌలు. పరీక్షించుకొని మానేయమనలేదు. మీరు తోడికోడలిని ఏదో అన్నారని, అది ఇంకా తేలలేదని చివర్లో రాశారు. ఆదివారానికి ముందే ఆమె దగ్గరకు వెళ్లి, కారణాలు చెప్పకుండా, "అక్కా, అలా అనడం నా తప్పు" అనండి. ఆమె ముఖం తిప్పుకున్నా మీరు బల్లకు వెళ్లండి. ఆ సహోదరుడితో వాదన వద్దు. యోహాను మొదటి పత్రికను మొదటి అధ్యాయం నుంచి మీతో కూర్చొని చదవమని ఆయనను అడగండి.