హామ్‌స్టర్‌కి పంజరం కొనేటప్పుడు ఎత్తు కాదు, నేల చూడండి

మీ ప్రశ్న చదివాను. తొమ్మిదేళ్ల అమ్మాయి పుట్టినరోజుకి హామ్‌స్టర్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) కావాలంటోంది. షాపతను మూడంతస్తుల పంజరం, రంగు గొట్టాలు, చిన్న చక్రం అన్నీ కలిపి రెండు వేలు అంటున్నాడు. తీసుకోవచ్చా, అందులో జతగా రెండింటిని పెట్టొచ్చా అని అడిగారు. రెండింటికీ నా జవాబు వద్దనే. ఎందుకు వద్దో నేను డబ్బులు పోగొట్టుకుని మరీ తెలుసుకున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మాది విజయవాడ. మూడేళ్ల క్రితం మా వాడి పోరు పడలేక ఒక సిరియన్ హామ్‌స్టర్‌ని తెచ్చాం. బంగారు రంగులో గుండ్రంగా ఉందని మా ఆవిడ దానికి బూరె అని పేరు పెట్టింది. బుగ్గల్లో గింజలు కుక్కుకుని వచ్చి నిలబడినప్పుడు ఆ పేరు మరీ సరిపోయేది. దాంతోపాటే మీకు చూపించినలాంటి పంజరమే పందొమ్మిది వందలు పెట్టి కొన్నాం. గులాబీ రంగుది, రెండు అంతస్తులు, పైకి ఎక్కడానికి ప్లాస్టిక్ మెట్లు. చూడటానికి బొమ్మరిల్లులా ఉంది. టేపు పెట్టి కొలవాలన్న ఆలోచన ఆ రోజు రాలేదు. తర్వాత కొలిస్తే అడుగు భాగం 16 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు. అంటే పెద్ద సైజు పేపరు మడత పెట్టి పరిస్తే నిండిపోయేంత చోటు.

మొదటి వారం బాగానే ఉంది. తర్వాత మొదలైంది అసలు కథ. రాత్రి పదకొండు దాటిందంటే ఊచలు కొరకడం. కటకట కటకట, నిమిషం ఆపి మళ్లీ కటకట. హాల్లో పెడితే బెడ్‌రూమ్‌లోకి వినపడేది. షాపతన్ని అడిగితే పళ్లు పెరుగుతాయి కదండీ, అరగదీసుకుంటోంది అన్నాడు. పళ్లు జీవితాంతం పెరిగే మాట నిజమే. కానీ పక్కనే చెక్క ముక్క ఉన్నా దాన్ని ముట్టుకోకుండా తలుపు దగ్గరి ఊచ ఒక్కటే పట్టుకుని కొరుకుతోందంటే అది పళ్ల కోసం కాదు, బయటికి పోవడానికి. ముక్కు పైన వెంట్రుకలు ఊడి ఎర్రగా అయ్యాక గానీ మాకది అర్థం కాలేదు.

ఒక రాత్రి నిజంగానే పోయింది. తలుపు క్లిప్పు వదులైంది. పొద్దున చూస్తే పంజరం ఖాళీ, మా వాడి ఏడుపు ఇల్లంతా. సోఫాలు జరిపాం, ఫ్రిజ్ జరిపాం, లేదు. ఎవరో చెప్తే ఆ రాత్రి గదుల గుమ్మాల దగ్గర బియ్యప్పిండి పలచగా చల్లి పడుకున్నాం. తెల్లారేసరికి వంటింటి గుమ్మంలో చిన్న చిన్న పాదాల గుర్తులు, బియ్యం డ్రమ్ము వైపు వెళ్తూ. రెండో రాత్రి అక్కడ ఒక బకెట్ పెట్టి, అడుగున పాత తువ్వాలు, నాలుగు పొద్దుతిరుగుడు గింజలు వేసి, బయట పుస్తకాలు మెట్లలా పేర్చాం. మూడింటికి దభీమని చప్పుడు. వెళ్లి చూస్తే బకెట్లో కూర్చుని గింజలు ఒలుచుకుంటోంది, ఏమీ జరగనట్టు. మీ ఇంట్లో ఎప్పుడైనా తప్పించుకుంటే గుర్తుంచుకోండి, పిండి, బకెట్. వెతకడం కంటే ఇది మేలు.

ఆ తర్వాతే కూర్చుని వీటి సంగతి చదివాను. ఇవి సిరియా, టర్కీ సరిహద్దు పొలాల్లో నేల కింద బొరియల్లో ఉండే జంతువులు. 1930లో ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త అలెప్పో దగ్గర ఒక పొలం తవ్వించి తల్లినీ పదకొండు పిల్లల్నీ పట్టించి, వాటిలో మిగిలిన పిల్లల్ని జెరూసలేం తీసుకెళ్లాడు. ఈ రోజు ఇళ్లల్లో పెరుగుతున్న సిరియన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కుటుంబం సంతతే. తమాషా ఏంటంటే, అప్పుడు కూడా వాటిని చెక్క పెట్టెలో పెడితే కొన్ని అడుగు కొరికి పారిపోయాయి. అంటే పంజరం తప్పు ఎంచుకున్నవాళ్లలో మనం మొదటివాళ్లం కాదు! అక్కడి పొలాల్లో వీటి బొరియలు కొలిచినవాళ్లు 36 నుంచి 106 సెంటీమీటర్ల లోతు ఉన్నాయని రాశారు. అలాంటి జీవికి మనం మూడంతస్తుల మేడ కట్టిస్తున్నాం. దానికి కావాల్సింది మేడ కాదు, నేలమాళిగ.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో చేసిన ఒక ప్రయోగం కూడా నాకు బాగా పట్టింది. అది 2006లో అచ్చయింది. కొన్ని హామ్‌స్టర్లకు పంజరం అడుగున 10 సెంటీమీటర్ల లోతు చెక్క పొట్టు, కొన్నింటికి 40, కొన్నింటికి 80 వేసి చూశారు. 10 సెంటీమీటర్లలో ఉన్నవి మిగతావాటికంటే బాగా ఎక్కువగా ఊచలు కొరికాయి. లోతు ఉన్నవి తవ్వుకుని కింద ఇల్లు కట్టుకున్నాయి. మా బూరె రాత్రంతా చేసిన కటకటకి కారణం అక్కడ దొరికింది నాకు. మా గులాబీ పంజరం ట్రే లోతు రెండు అంగుళాలు. అంతకంటే పొట్టు వేస్తే ఊచల్లోంచి బయట పడుతుంది. తవ్వడానికి చోటే లేదు.

ఇక ఏం కొనాలో చెప్తాను. జర్మనీలో జంతు సంక్షేమం చూసే వెటర్నరీ డాక్టర్ల సంఘం కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉండాలంటుంది. మన లెక్కలో సుమారు 40 అంగుళాలకు 20. ఇది ఒకే అంతస్తులో, ఎక్కడా తెగకుండా ఉన్న నేల. పై అంతస్తులు, గొట్టాలు కలిపి లెక్క చెప్తే ఒప్పుకోకండి. పైగా వీటికి చూపు చాలా తక్కువ, ఎత్తు అంచనా ఉండదు, అంచు వరకు నడిచి అలాగే కింద పడిపోతాయి. కాబట్టి ఎత్తు ఎక్కువున్న పంజరం మీరు అనుకున్నట్టు సౌకర్యం కాదు, కాలు విరగడానికి దారి.

ఈ సైజు పంజరం మామూలు పెట్ షాపుల్లో నాకైతే దొరకలేదు. ఆన్‌లైన్లో ఉన్నవి ధర చూసి కళ్లు తిరిగాయి. నేను చేసిన పని, చేపల అక్వేరియంలు తయారు చేసే షాపుకి వెళ్లి కొలతలిచ్చి గాజు ట్యాంకు చేయించుకోవడం. 42 అంగుళాల పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు. నీళ్లు పోసేది లేదని ముందే చెప్పాను కాబట్టి 5 ఎంఎం గాజుతో సరిపెట్టాడు, రేటూ తగ్గించాడు. మూడు వేలు దాటలేదు. నీళ్లు కారుతోందని ఎవరో వెనక్కిచ్చిన పాత ట్యాంకు ఉంటే ఇంకా చవగ్గా వస్తుంది. మనకి కారినా పర్వాలేదు కదా, పగుళ్లు లేకుండా, అంచులు కోసుకోకుండా ఉంటే చాలు.

మూత విషయంలో మాత్రం కక్కుర్తి పడకండి. అక్వేరియం వాళ్లు ఇచ్చే ప్లాస్టిక్ మూత గాలి ఆడనివ్వదు. లోపల చెమ్మ చేరి మూత్రం వాసన నిలిచిపోతుంది. వడ్రంగి చేత చెక్క ఫ్రేమ్ కొట్టించి, మధ్యలో చిన్న గళ్ల వెల్డ్ మెష్ బిగించుకున్నాను. దోమల జాలీ పనికిరాదు, ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. మీరు ఊచల పంజరమే తీసుకుంటే ఊచల మధ్య ఖాళీ పెద్ద సిరియన్‌కి అర అంగుళం మించకూడదు, పిల్లదైతే, లేదా డ్వార్ఫ్ అనే చిన్న రకమైతే పావు అంగుళమే. తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే.

లోపల ఒక సగం పది అంగుళాల లోతు, ఇంకో సగం ఐదారు అంగుళాలు పొట్టు నింపాను. ఏ పొట్టు? ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. సామిల్లు రంపపు పొట్టు దుమ్ము, ముక్కులోకి పోతుంది. పైగా అది ఏ చెక్కో, ఏ మందు కొట్టిందో తెలియదు. దేవదారు, పైన్ లాంటి వాసన వచ్చే చెక్కలు అసలే వద్దు. వరి ఊక గుచ్చుకుంటుంది. దూది పరుపులని అమ్మేవి కాళ్లకు చుట్టుకుంటాయి. నేను దుమ్ములేని కాగితం బెడ్డింగ్ కొని, అది ఖరీదని మధ్యమధ్య సువాసన లేని తెల్ల టిష్యూలు చింపి కలిపి, కొంచెం కుందేళ్లకు వేసే ఎండుగడ్డి కూడా చేర్చాను. గడ్డి కలిస్తే సొరంగం కూలదు. వేసిన రెండో రోజుకే బూరె కనిపించడం మానేసింది. గాజు పక్కనే తవ్వుకున్న దారిలోంచి ముక్కు ఒక్కటి కనపడేది, మీసాలు గాజుకి తగులుతూ. మా వాడు టార్చి వేసుకుని నేల మీద పడుకుని చూసేవాడు. కటకట మాత్రం ఆ వారంలోనే ఆగిపోయింది.

చక్రం గురించి ఒక మాట. పంజరంతో వచ్చే ఐదంగుళాల చక్రంలో పరిగెత్తితే దాని నడుం విల్లులా వెనక్కి వంగుతుంది. సిరియన్‌కి 11, 12 అంగుళాల చక్రం కావాలి, డ్వార్ఫ్‌కి ఎనిమిది. పరిగెత్తే చోటు ఊచలు కాకుండా నిండు పట్టీ ఉండాలి, లేదంటే కాలు ఇరుక్కుంటుంది. ఇంత పెద్ద చక్రం పట్టాలంటే పంజరం ఎంతుండాలో చూడండి, మూడంతస్తులది అక్కడే వీగిపోతుంది. చక్రం కీచుమంటే ఇరుసుకి ఒక్క చుక్క కొబ్బరి నూనె.

మూల ఒక వెడల్పాటి గిన్నెలో ఇసుక పెట్టండి. సన్నటి ఇసుక జల్లించి, కడిగి, బాణలిలో వేయించి చల్లార్చి పోశాను. అందులోనే దొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది, మావరకు మూత్రం కూడా అక్కడే. దాంతో రోజూ ఆ గిన్నె ఒక్కటి చూసుకుంటే చాలు. స్నానం పేరుతో అమ్మే మెత్తటి పౌడర్లు కొనకండి, ఊపిరితిత్తులకి మంచిది కాదు. నీళ్లతో స్నానం అసలే వద్దు. మొత్తం పొట్టు ఒకేసారి మార్చకండి, దాని వాసన పోతే కంగారు పడుతుంది, దాచుకున్న గింజలు కనపడక వెతుక్కుంటుంది. తడిసిన చోట మాత్రం తీసి కొత్తది వేయండి.

చీమలు. దీని గురించి ఏ ఇంగ్లీషు వీడియోలోనూ చెప్పరు, మనకి మాత్రం మొదటి నెలలోనే వస్తాయి. గింజల వాసనకి గోడ వెంట బారులు తీరాయి. చీమల చాక్‌పీసు గీయబోయాను, అది పురుగుమందు అని గుర్తొచ్చి ఆగాను. పాతకాలం వంటింట్లో పాల బీరువా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు చూడండి, అదే చేశాను. బల్ల నాలుగు కాళ్లూ నాలుగు స్టీలు గిన్నెల్లో, రెండ్రోజులకోసారి నీళ్లు మార్చడం. బల్ల గోడకి ఆనకుండా జరపాలి, లేకపోతే లాభం లేదు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైనది, పంజరం కంటే కూడా. ఎండ. వీటికి 20 నుంచి 24 డిగ్రీలు హాయి. 30 దాటితే ఇబ్బంది, ఇంకా పెరిగితే వడదెబ్బ. రోహిణి కార్తెలో మన ఇళ్లల్లో ఫ్యాను కింద కూడా ఎంత ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గాజు ట్యాంకు ఇంకా వేడెక్కుతుంది. మొదటి మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బూరె పొట్ట నేలకి ఆనించి, కాళ్లు చాపి, రొట్టెలా పరుచుకుని ఎగశ్వాస పీలుస్తోంది. ట్యాంకు పక్కన గడ్డకట్టిన నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టి, లోపల చల్లటి టైలు ముక్క ఒకటి పెట్టాం. దాని మీదికి పాక్కుంటూ వచ్చి పడుకుంది. గంటకి తేరుకుంది. ఆ రోజు నుంచి జూన్ దాకా ట్యాంకు మా ఏసీ గదిలోనే, 26లో. మట్టి మూకుడు ఒకటి బోర్లించి గుమ్మంలా పగలగొట్టి, అంచు గరుకు రాతితో నున్నగా చేసి పెడితే దానికి చల్లటి గుహ. ఇంట్లో ఏసీగానీ, ఎండ తగలని చల్లటి గదిగానీ లేకపోతే, కోపం తెచ్చుకోకండి, నేనైతే కొనొద్దనే అంటాను. బాల్కనీలో పెట్టాలన్న ఆలోచన ఉంటే అది కూడా మానుకోండి, ఎండ ఒకటి, పిల్లి ఒకటి.

జత మాట. సిరియన్‌లు ఎదిగాక ఒంటరిగానే బతుకుతాయి. షాపులో గుంపుగా పడుకున్నవి పిల్లలు కాబట్టి. రెండు నెలలు దాటాక కలిపి ఉంచితే రక్తాలు కారేదాకా కొట్టుకుంటాయి. మగ, ఆడ అయితే కొన్ని వారాల్లో పిల్లలు, గర్భం పదహారు రోజులే. తోడు లేదని జాలి పడకండి, దానికి తోడు శత్రువే. డ్వార్ఫ్‌లు కొన్ని కలిసి ఉంటాయంటారు, అక్కడా గొడవలు మొదలయ్యే రోజు చెప్పిరాదు. రెండో పంజరం సిద్ధంగా లేకపోతే ఆ సాహసం వద్దు.

పాపకి ఒక విషయం ముందే చెప్పి ఒప్పించండి. ఇది పగలంతా నిద్రపోతుంది, లేచేది తను పడుకునే వేళకి. లోతుగా పొట్టు పోస్తే ఇంకా తక్కువ కనిపిస్తుంది. మా వాడికి మొదట అదే బాధ, ఎప్పుడు చూసినా పొట్టే కనపడుతోందని. ఎత్తుకుని ముద్దు చేసే జంతువు కావాలంటే ఇది సరైనది కాదు. దొంగలా రాత్రిపూట తిరిగేదాన్ని చూసి మురిసిపోయే పిల్లయితే ఇంతకంటే మంచిది లేదు. మీ అమ్మాయి ఏ రకమో మీకే తెలియాలి.

వరస కూడా తిరగేయండి. ముందు ట్యాంకు, పొట్టు, చక్రం, మూత అన్నీ అమర్చి రెండు రోజులు చూసుకుని అప్పుడు హామ్‌స్టర్‌ని తీసుకురండి. మేం ఇవేవీ లేకుండా ముందే దాన్ని తెచ్చేసి రెండు నెలలు ఏడిపించాం. బూరె మా ఇంట్లో రెండేళ్లకు పైగా ఉంది, పోయిన సంక్రాంతి తర్వాత వెళ్లిపోయింది. ఆ గులాబీ పంజరం మాత్రం ఇంకా ఉంది. మా ఆవిడ అందులో ఉల్లిపాయలు పోస్తోంది. గాలి బాగా ఆడుతుంది, కుళ్లట్లేదు.