మొదటి బండిగా యమహా ఆర్‌ఎక్స్ 100 కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 23. హనుమకొండలో ఉంటాను. ఆరు నెలల కిందట ఊరి బయట ఒక గోడౌన్‌లో అకౌంట్స్ ఉద్యోగంలో చేరాను. జీతం 19 వేలు. ఇప్పటికి 42 వేలు దాచాను. లైసెన్సు ఈ మధ్యే వచ్చింది, సొంత బండి ఇదే మొదటిది. మా మేనమామ స్నేహితుడి ఇంట్లో 1994 మోడల్ ఆర్‌ఎక్స్ 100 ఉంది. ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉంది, ఇంజిన్ జామ్. 35 వేలకు ఇస్తామంటున్నారు. బాగు చేయించి అమ్మితే లక్ష వస్తుందని, అందాకా నేను తిరగొచ్చని అందరూ అంటున్నారు. ఇక్కడ పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీలో 2017 స్ప్లెండర్ 40 వేలు చెబుతున్నారు. తక్కువ పడితే రెండు రూపాయల వడ్డీకి 20 వేలు ఇచ్చేవాళ్లున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: స్ప్లెండర్ తీసుకోండి. కానీ ఇప్పుడే కాదు, రెండు నెలలు ఆగి. అప్పు మాత్రం వద్దు.

ఆర్‌ఎక్స్ మీద మీకున్న ఇష్టం నాకు అర్థమవుతుంది. ఆ సైలెన్సర్ మోత వినబడితే నేను ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. 1996తో తయారీ ఆగిపోయిన బండికి ఇంత గిరాకీ ఊరికే రాలేదు. అయితే మీకు కావలసినవి రెండు: రోజూ డ్యూటీకి తీసుకెళ్లే బండి ఒకటి, విప్పి బిగించుకుంటూ నేర్చుకునే బండి ఒకటి. రెండూ ఒకే బండిలో కావాలనుకుంటేనే చిక్కు. సోమవారం పొద్దున ఇంజిన్ విప్పి ఉంటే డ్యూటీకి ఆటోలోనే వెళ్లాలి.

ఇక లెక్క చూద్దాం. బండికి 35 వేలు పోతే మీ దగ్గర మిగిలేది 7 వేలు. జామ్ అయిన ఇంజిన్‌కి బోరింగ్, పిస్టన్, క్రాంక్ పని, వైరింగ్, టైర్లు, క్రోమ్, పెయింట్ అన్నీ కలిపితే ఇంకో 40 వేలు దాటడం మామూలే. ఒరిజినల్ సామాను దొరకడం కష్టం, దొరికినా చెప్పిందే రేటు. లక్షకు అమ్ముడుపోయే బండ్లు కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవి. 1994 బండికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ 2009లోనే అయిపోయింది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించి ఉండాలి. షెడ్డులో పడి ఉన్న బండికి ఎవరు చేయించి ఉంటారు? ఆలస్యానికి ద్విచక్ర వాహనాలకు నెలకు 300 రూపాయల చొప్పున అదనపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దాని మీద, పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. సీ బుక్కులో, అంటే రిజిస్ట్రేషన్ కాగితంలో, పేరున్న మనిషి ఇప్పుడు లేకపోతే వారసుల సంతకాలు కూడా కావాలి.

పెట్రోలు ఖర్చు కూడా చూడండి. రోజుకు రానూపోనూ 24 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు అనుకుంటే 624 కిలోమీటర్లు. స్ప్లెండర్ లీటరుకు 60 ఇస్తే పదిన్నర లీటర్లు చాలు. పాత ఆర్‌ఎక్స్ 35 ఇస్తే దాదాపు 18 లీటర్లు, పెట్రోల్‌తో పాటు కాలే టూటీ ఆయిల్ ఖర్చు వేరే. లీటరు 107 రూపాయల లెక్కన నెలకు 800 తేడా.

రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది గానీ ఏడాదికి అది 24 శాతం. 20 వేలకు నెలకు 400, ఏడాదికి 4,800 కట్టినా అసలు అలాగే ఉంటుంది. మీరు ఆరు నెలల్లో 42 వేలు దాచారు, అంటే నెలకు 7 వేలు. 19 వేల జీతంలో అంత మిగల్చడం చిన్న విషయం కాదు. ఇలాగే ఇంకో రెండు నెలలు దాస్తే 56 వేలు అవుతుంది. అందులో 36 వేలకు మించకుండా బండి, 10 వేలు కాగితాలకు, రిపేర్లకు, మంచి ఐఎస్ఐ హెల్మెట్‌కి. మిగతా 10 వేలు బ్యాంకులోనే ఉండనివ్వండి. పాత బండి మొదటి మూడు నెలల్లో ఏదో ఒకటి అడుగుతుంది, చైన్ స్ప్రాకెట్టో, బ్యాటరీనో, క్లచ్ ప్లేట్లో. అప్పుడు రెండు రూపాయల వడ్డీ మళ్లీ గుర్తుకు రాకూడదు.

కాగితాల విషయంలో నాకే ఒక దెబ్బ తగిలింది. చాలా ఏళ్ల కిందట నా పాత బండి అమ్మి, ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, కొన్నవాళ్లే ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటారులే అని వచ్చేశాను. మూడేళ్ల తర్వాత పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్. ఆ బండి ఎవరినో గుద్దింది, రికార్డుల్లో ఓనర్ ఇంకా నేనే. అందులోంచి బయటపడేసరికి ఏడాది పట్టింది. కొనేవాళ్లకైతే ఇంకా పెద్ద నష్టం. థర్డ్ పార్టీ బీమాతో (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది) పాటు తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి ఓనర్‌కే వర్తిస్తుంది. సీ బుక్కు మీ పేరు మీదికి మారకముందే మీకు ఏమైనా జరిగితే మీ అమ్మానాన్నలకు ఆ డబ్బు అందదు. అందుకే ‘ఓపెన్ సంతకాలు ఇస్తాం, మీరు ఎప్పుడైనా మార్చుకోండి’ అంటే ఒప్పుకోకండి. కొంత డబ్బు ఆపి, ట్రాన్స్‌ఫర్ అయిన రోజే ఇస్తానని చెప్పండి. పాలసీని కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్, మీకు రాదు, అది మనిషిదే గానీ బండిది కాదు. స్ప్లెండర్‌కి థర్డ్ పార్టీ ప్రీమియం జీఎస్టీతో కలిపి ఏడాదికి 850 లోపే, ప్రమాద బీమాకు ఇంకొంత.

వెళ్లేముందు బండి నంబరు అడిగి రవాణా శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. ఫైనాన్స్ ఇంకా ఉన్నట్టు కనిపిస్తే, అప్పు తీరిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. పెండింగ్ చలాన్లు అమ్మేవాళ్లే కట్టాలి. 2017 బండి కాబట్టి రిజిస్ట్రేషన్ 2032 దాకా ఉంటుంది, అది మీకు కలిసొచ్చే విషయం.

చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, మీకు నమ్మకమైన మెకానిక్‌ని వెంటబెట్టుకుని. ఆయనకు 500 ఇచ్చినా దండగ కాదు. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని కన్సల్టెన్సీ వాళ్లకు ముందే ఫోన్‌లో చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడం లేదని మీకు తెలియకుండా ముందే తిప్పి ఉంచారేమోనని అనుమానించాలి. చల్లగా ఉంటే కిక్ కొట్టి, సైలెన్సర్ వెనక తెల్ల గుడ్డ పట్టండి. నీలం పొగ వచ్చి, గుడ్డ మీద జిడ్డు చుక్కలు పడితే ఆయిల్ కాలుతోందని లెక్క. ఆ ఇంజిన్ పనికి అయ్యే ఖర్చు బేరంలో తగ్గించమనండి, లేదా వదిలేయండి. హ్యాండిల్ దగ్గర ఫ్రేమ్ మీదున్న చాసిస్ నంబరుపై కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, సీ బుక్కుతో సరిచూసుకోండి. అంకెల చుట్టూ కొత్త పెయింట్ కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి.

ఆర్‌ఎక్స్‌ని మర్చిపొమ్మనడం లేదు. స్ప్లెండర్ కుదురుకున్నాక నెలకు 2 వేలతో ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. రెండేళ్లకు వడ్డీతో కలిపి 50 వేలు దాటుతుంది. ఈలోపు ఆ షెడ్డుకు వెళ్లి సీ బుక్కు ఎవరి పేరు మీద ఉందో, ఎప్పటిదాకా రెన్యువల్ అయిందో కనుక్కోండి. కాగితాలు దారిలో ఉంటే ఆ నంబరు, వివరాలు నాకు రాయండి, 35 వేలు పెట్టొచ్చో లేదో అప్పుడు చెబుతాను.