స్థలం అమ్మకండి, ముందు బ్యాంకుకు లెటర్ పెట్టండి

ప్రశ్న: జీడిమెట్లలో మాకు చిన్న మెషినింగ్ యూనిట్ ఉంది, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నేను, మా బావమరిది డైరెక్టర్లం. సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ 90 లక్షలు, టర్మ్ లోన్ ఇంకా 60 లక్షలు ఉంది. ఒక పెద్ద కస్టమర్ 55 లక్షలు ఆపేయడంతో ఈఎంఐ కట్టక 40 రోజులైంది. ఊళ్లో స్థలం అమ్మితే 45 లక్షలు వస్తాయి, కంపెనీలో పెట్టమంటారా? 3 లక్షలు అడ్వాన్స్ ఇస్తే బ్యాంకులో సగానికి సెటిల్ చేయిస్తానని ఒక కన్సల్టెంట్ అంటున్నాడు.

జవాబు: ముందు ఆ కన్సల్టెంట్ సంగతి. మూడు లక్షలు కాదు కదా, మూడు వేలు కూడా ఇవ్వకండి. ఇంకా ఎన్‌పీఏ (మొండి బకాయి) కూడా కాని లోన్‌ని ఏ బ్యాంకూ సగానికి వదులుకోదు.

స్థలం అమ్మే ముందు ఒక లెక్క వేయండి. పోయిన 12 నెలల్లో మెటీరియల్, కరెంటు, అద్దె, జీతాలు పోగా (మీ ఇద్దరి జీతాలు కూడా కలపండి, చాలామంది ఇవి వదిలేసి లాభం వస్తోందనుకుంటారు), వడ్డీ కట్టకముందు ఏమైనా మిగిలిందా? మిగిలితే మీ యూనిట్ బాగానే ఉన్నట్టు, డబ్బే ఇరుక్కుపోయింది. ఏమీ మిగలకపోతే ఆ 45 లక్షలు కూడా ఆవిరైపోతాయి, అప్పుడు బేరం వెతుక్కుని యూనిట్ అమ్మేయడం గురించే మాట్లాడుకోవాలి.

మిగిలిందనే అనుకుందాం. ఎన్‌పీఏ కాకముందే బకాయి పడ్డ ఖాతాలను బ్యాంకు ఎస్‌ఎంఏ అనే హెచ్చరిక జాబితాలో పెడుతుంది. మీ ఖాతా ఇప్పుడు ఎస్‌ఎంఏ-1లో ఉంది, 61వ రోజున ఎస్‌ఎంఏ-2, 90 దాటితే ఎన్‌పీఏ. ఇబ్బందుల్లో పడ్డ ఎంఎస్‌ఎంఈల (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా యూనిట్ల) కోసం ఆర్‌బీఐ 2016లో ఒక పద్ధతి పెట్టింది, 25 కోట్ల లోపు లోన్లకు. దాని ప్రకారం బ్యాంకు పిలిచేదాకా ఆగక్కర్లేదు, మీరే రాసి అడగొచ్చు, బ్యాంకు కమిటీ దాన్ని చూడాలి. ఇది బ్యాంకులు పాటించి తీరాలని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది, కానీ మేం ఎంఎస్‌ఎంఈ అని సకాలంలో కాగితాలతో చూపించాల్సింది యూనిట్ వాళ్లేనని కూడా అంది. అందుకే ఉద్యమ్ సర్టిఫికెట్ (ఎంఎస్‌ఎంఈ రిజిస్ట్రేషన్ కాగితం) జతచేసి లెటర్ ఇచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. మేనేజర్ నోటితో అన్న "చూద్దాంలెండి" రేపు ఎక్కడా పనికిరాదు.

లెటర్‌లో ఏం అడగాలన్నది మీ సీఏతో కూర్చుని తేల్చండి. వెంటనే రీస్ట్రక్చరింగ్ (లోన్ షరతులు మార్చడం) అనకండి, ఎందుకంటే షరతులు మారిస్తే మామూలుగా ఖాతా ఎన్‌పీఏ కిందికే వెళ్తుంది. ఫలానా నెలల్లో బకాయి ఇలా కట్టేస్తాం అని వచ్చే మూడు నెలల క్యాష్ ఫ్లో, చేతిలో ఉన్న ఆర్డర్లు చూపించి, ఖాతా సరిచేసుకునే ప్లాన్ ఒప్పించండి. అది కుదరకపోతేనే రీస్ట్రక్చరింగ్. మీ వంతు ఎంత తెస్తారని బ్యాంకు అడుగుతుంది, స్థలం మాట అప్పుడు తీయండి, అదీ ప్లాన్ రాతపూర్వకంగా వచ్చాకే. తెలంగాణ ఇండస్ట్రియల్ హెల్త్ క్లినిక్ అని ఇలాంటి యూనిట్ల కోసమే ప్రభుత్వం పెట్టిన సంస్థ ఉంది, అక్కడ కూడా అడిగి చూడండి.

ఇక ఆ 55 లక్షలు. మీరు మైక్రో లేదా స్మాల్ అయితే ఒప్పందం ఉన్నా కస్టమర్ 45 రోజులు దాటకుండా కట్టాలి, దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బకాయిల కోసం ప్రభుత్వం పెట్టిన ఎంఎస్‌ఎంఈ ఆన్‌లైన్ పోర్టల్‌లో కేసు వేయొచ్చు. పెద్ద కస్టమర్ పోతాడేమోనని భయపడుతుంటారు అందరూ, డబ్బివ్వని కస్టమర్ ఉండి ఏం లాభం చెప్పండి.

ఎవరో ఒకరు ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్), ప్రీ-ప్యాక్ (అప్పిచ్చినవాళ్లతో ముందే ప్లాన్ మాట్లాడుకుని అక్కడికి వెళ్లడం) అని కూడా అంటారు. 2021 నుంచి ఎంఎస్‌ఎంఈలకు ఆ దారి ఉంది, 10 లక్షల డిఫాల్ట్ చాలు, కంపెనీ మీ చేతిలోనే ఉంటుంది, 120 రోజుల గడువు. కానీ అప్పు మొత్తంలో 66 శాతం ఇచ్చినవాళ్లు ఒప్పుకోవాలి, మీకు ఉన్నది ఒకే బ్యాంకు కాబట్టి ఆ బ్యాంకు ఒప్పుకునేదేదో కోర్టు ఖర్చు లేకుండానే ఒప్పుకుంటుంది. పైగా అక్కడ దొరికే మారటోరియం (వసూళ్లకు తాత్కాలిక బ్రేక్) కంపెనీకే, మీ పర్సనల్ గ్యారంటీకి కాదు. సంతకం పెట్టి ఉంటే బ్యాంకు మీ ఆస్తుల మీదికి రావచ్చు. ఆ భయంతో స్థలాన్ని ఇప్పుడు భార్య పేరు మీదికి మార్చకండి, అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికే చేశారని కోర్టు ఆ బదిలీని కొట్టేయొచ్చు.

ఈలోగా ఎంత టైట్‌గా ఉన్నా వర్కర్ల జీతంలో కోసిన పీఎఫ్ మాత్రం ఆపకండి, అది క్రిమినల్ కేసు అవుతుంది.