తాత ఆస్తిలో తండ్రి లేని మనవడికి వాటా వస్తుందా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె, మేం సున్నీ ముస్లింలం. మా ఆయన చనిపోయారు, బాబుకి పదకొండేళ్లు. మామగారికి ముగ్గురూ మగపిల్లలే. అత్తగారు లేరు. మామగారి పేరున ఆరెకరాల కొబ్బరితోట ఉంది. "షరియత్ ప్రకారం నీ కొడుక్కి ఏమీ రాదు" అంటున్నారు మా బావగారు. బయటి దేశాల్లో ఈ రూలు మార్చారట. ఇక్కడ కోర్టుకెళ్తే గెలుస్తామా?

జవాబు: అమ్మా, చట్టం వరకూ మీ బావగారి మాట నిజమే. ఇక్కడి సున్నీలు ఎక్కువగా పాటించే హనఫీ పద్ధతిలో కొడుకులు బతికుండగా, ముందే పోయిన కొడుకు పిల్లలు వారసులు కారు. తోట వ్యవసాయ భూమి కదా అనీ తప్పించుకోలేం. 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని వదిలేసినా, 1949లో మద్రాసు రాష్ట్రం ఆ మినహాయింపు తీసేసింది. అప్పుడు మన గోదావరి జిల్లాలు మద్రాసులోనివే.

కానీ ఇది ఖురాన్‌లో నేరుగా ఉన్న ఆజ్ఞ కాదు. దగ్గరివాడు ఉంటే దూరపువాడికి రాదన్న సూత్రం నుంచి పాత పండితులు తేల్చిన నియమం. అందుకే కొన్ని దేశాలు మళ్లీ మూలాలు తిరగేశాయి. తల్లిదండ్రులకు, దగ్గరి బంధువులకు వసీయతు (వీలునామా) రాయమని ఖురాన్ రెండో సూరా (అధ్యాయం) 180వ ఆయత్ (వాక్యం) చెబుతుంది. వారసత్వ ఆయత్‌లు వచ్చాక దాని అమలు ఆగిపోయిందని చాలామంది పండితుల మాట. వారసులు కాని బంధువుల విషయంలో అది ఇంకా ఉందన్న పాత అభిప్రాయాన్ని పట్టుకుని, 1946లో ఈజిప్టు ఇలాంటి మనవలకు తండ్రి వాటాను, మూడోవంతు మించకుండా, తప్పనిసరి వసీయతుగా ఇచ్చింది. 1961లో పాకిస్తాన్ ఏకంగా తండ్రి వాటా మొత్తం ఇచ్చేసింది. దాని మీద అక్కడ గొడవ జరిగింది, 2000లో ఫెడరల్ షరియత్ కోర్టు తప్పుబట్టింది కూడా. నాకైతే ఈజిప్టు దారే పద్ధతిగా అనిపిస్తుంది.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. ప్రాచీన వ్యాఖ్యాతలను కాదని కోర్టులు ఖురాన్‌కి సొంత అర్థం చెప్పకూడదని 1897లోనే ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలపు అత్యున్నత కోర్టు, అంది. 2017లో తక్షణ తలాక్ చెల్లదన్నారు కదా అంటారేమో, వాటాల లెక్క వేరు. ఈ కేసుకి డబ్బు తగలేయకండి.

మామగారు బతికున్నారు, అదే మీ బలం. మీ బాబు వారసుడు కాదు కాబట్టే, అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలిన ఆస్తిలో మూడోవంతు వరకు వాడికి వసీయతు రాయొచ్చు. బావగారి, మరిది సంతకాలు అక్కర్లేదు. మీ లెక్కలో మూడోవంతంటే రెండెకరాలు, మీ ఆయన బతికుంటే వచ్చే వాటా కూడా అంతే! నోటితో చెప్పినా చెల్లుతుంది గానీ, తర్వాత సాక్షుల కోసం తిరగలేరు. రాయించి రిజిస్టర్ చేయించండి.

ఇంకా గట్టిగా కావాలంటే హిబా, అంటే బతికుండగానే ఇచ్చేసే దానం. దీనికి మూడోవంతు పరిమితి లేదు, మనవడికిచ్చింది వెనక్కి తీసుకోవడానికీ కుదరదు. ఇవ్వడం, పుచ్చుకోవడం, స్వాధీనం, మూడూ ఉండాలి. తండ్రి లేని మైనర్ ఆస్తికి సాధారణంగా తాతే గార్డియన్, కాబట్టి ఆయన ఇస్తున్నట్టు స్పష్టంగా ప్రకటిస్తే స్వాధీనం మార్చకపోయినా చెల్లుతుంది. హిబాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు అంది. అయినా పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మారాలంటే రిజిస్టర్ డాక్యుమెంటే నయం. ముందు సర్వే చేయించి ఆ రెండెకరాలకు హద్దులు వేయించండి. మామగారు మంచాన పడేదాకా ఆగకండి. చివరి జబ్బులో ఇచ్చిన హిబా మూడోవంతు దాకానే నిలుస్తుంది.

మీ ఆయన సొంతంగా సంపాదించినదేమైనా ఉంటే అది వేరు. అందులో మీకు ఎనిమిదోవంతు, మామగారికి ఆరోవంతు, మిగిలినది బాబుకి.